లాభం, రెండు, మూడు

రిబ్కమ్మ ఆ కథ మళ్లీ మొదలుపెట్టింది.

"ఇదిగో, ఈ చెట్టు కిందే పడుకోబెట్టాను. ఒళ్లంతా చెమటలు. మూతి ఇంత పక్కకి పోయింది. మాట లేదు. మగాళ్లందరూ గుడ్లప్పగించి చూస్తున్నారు. నేనే నా కొంగు తడిపి తలకి చుట్టాను. ఉల్లిపాయ దంచి అరికాళ్లకి రుద్దాను. మజ్జిగ పట్టాను. పొద్దుగూకేదాకా పక్కనే కూచుని ప్రార్థన చేశాను. ఆ ప్రభువూ నా మజ్జిగా కలిసి మా అన్నయ్యని నిలబెట్టారు. అవునా అన్నయ్యా?"

మామిడి కోతకు కొత్తగా వచ్చిన ఆడవాళ్లు నలుగురూ చేతిలో కాయలు చేతిలోనే ఉంచుకుని వింటున్నారు. ఈ కథ వినకుండా ఆ తోటలో ఎవరూ రెండోరోజు పనిలోకి వచ్చింది లేదు.

బోర్లించిన ట్రే మీద కూర్చున్న యలమందకి ఒళ్లు మండిపోయింది. కాదు అనాలి. ఒక్క మాట, రెండే అక్షరాలు. నాలుక మీదికి తెచ్చుకున్నాడు, పెదాలు కూడగట్టుకున్నాడు, గట్టిగా ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాడు.

"మజ్జిగ" అన్నాడు.

ఆడవాళ్లు పకపకా నవ్వారు. "చూశారా, ఇప్పటికీ తల్చుకుంటూనే ఉంటాడు" అంది రిబ్కమ్మ, చీర కుచ్చిళ్లు దోపుకుని మళ్లీ కాయల కుప్ప ముందు కూలబడుతూ.

ఏడాదిగా యలమంద నోట్లోంచి వచ్చే మాట అదొక్కటే. మంచినీళ్లు కావాలన్నా మజ్జిగే, దుప్పటి కావాలన్నా మజ్జిగే, మనవరాలు హాసినిని దగ్గరికి పిలవబోయినా మజ్జిగే. మాటలు పోలేదు. లోపల అన్నీ ఉన్నాయి, ఎక్కడివక్కడే ఉన్నాయి. కిక్కిరిసిన ఆటోలోంచి దిగాల్సినవాళ్లు ఎంతమంది తోసుకుంటున్నా తలుపు దగ్గర అడ్డంగా కూర్చున్న ఒకడే ప్రతిసారీ కిందికి దూకుతున్నట్టుంది అతని పరిస్థితి. మెదడుకి రక్తం వెళ్లే దారిలో గడ్డ అడ్డం పడిందని, కుడి చెయ్యీ కుడి కాలూ మాటా అందుకే దెబ్బతిన్నాయని బెజవాడలో డాక్టర్లు చెప్పారు. కాలు కొంత దారికొచ్చింది. చెయ్యి ఒళ్లో పడి ఉంటుంది. మాట సంగతి చెప్పుకున్నదే.

లెక్క మాత్రం పోలేదు. అదే అందరికీ విచిత్రం. మాటలు నేర్పే మేడమ్ ఒకరోజు "ఒకటి నుంచి పది దాకా చెప్పండి బాబాయ్" అంటే యలమంద గొంతు సవరించుకుని "లాభం, రెండు, మూడు, నాలుగు" అంటూ ఎత్తుకున్నాడు. పది దగ్గర ఆగలేదు. నూరు దాకా పోయి అప్పుడు ఊపిరి తీసుకున్నాడు. అతని భార్య వెంకాయమ్మ ఏడ్చేసింది. కానీ ఆ మేడమే ఐదు వేళ్లు చూపించి ఇవెన్ని అంటే మళ్లీ మజ్జిగే. ఏ అంకె కావాలన్నా లాభం నుంచి ఎక్కుతూ రావాలి, ఎక్కాడంటే ఆగడం చేతకాదు.

ఆ వైపు మామిడి తోటల్లో మొదటి కాయని ఒకటి అనరు. సీజనంతా కలిసిరావాలని లాభం అంటారు. యలమంద ముప్పయ్యేళ్లు ఆగిరిపల్లి చుట్టుపక్కల తోటల్లో ఆ లెక్క పిలిచాడు. కుప్పలోంచి కాయలు తీసి అందిస్తూ "లాభం" అని రాగం తీస్తే, ట్రేలో వరిగడ్డి మీద సర్దుతూ "లాభం" అని రిబ్కమ్మ జవాబు. "రెండు" అంటే "రెండు". అతను రామాలయం వీధి, ఆమె చర్చి పేట. అతనికి చెల్లెళ్లు లేరు, ఆమెకి అన్నలు లేరు. లెక్క పిలిచీ పిలిచీ అన్నాచెల్లెళ్లయ్యారు. గొంతు బొంగురుపోయిన రోజున కూడా గుసగుసగానైనా జవాబు చెప్పేది తప్ప మానేది కాదు రిబ్కమ్మ.

ఆ చెల్లెలి మీదే యలమందకి ఏడాదిగా పీకల దాకా కోపం.

పోయినేడు మే నెలలో, ఇదే తోటలో, ఎనిమిదింటప్పుడు లెక్క పిలుస్తుంటే అతని మూతి పక్కకి లాగింది. మామిడి సొన తగిలి వాచి ఉంటుందన్నారు. తొడిమ విరిచినప్పుడు చిందే ఆ జిగురు పడితే చర్మం కాలిపోతుంది, కోతలో మూతి వాయనివాళ్లు ఎవరున్నారు? చెయ్యి పట్టు తప్పితే, పొద్దుటి నుంచి కాయలు కోసే చిక్కం కర్ర ఎత్తి ఎత్తి తిమ్మిరెక్కిందన్నారు. మాట ముద్దగా వస్తే, ఎండదెబ్బ అనేశారు. ప్రతిదానికీ తోటలోనే ఒక కారణం దొరికింది. అందరికంటే ముందు ఆ మాట అన్నది రిబ్కమ్మ, పడుకోబెట్టిందీ ఆవిడే, నోట్లో మజ్జిగ పోసిందీ ఆవిడే. పొద్దుగూకాక గానీ ఆసుపత్రికి ఎత్తుకెళ్లలేదు.

అక్కడ ఒక కుర్ర డాక్టరు మంచం పక్కన నిలబడి నర్సుతో అన్నాడు. "నాలుగున్నర గంటల్లోపు తీసుకొచ్చుంటే ఇంజెక్షన్‌తో గడ్డ కరిగేదేమో. చెట్టు కింద పడుకోబెట్టి మజ్జిగ పట్టారంట. ఎప్పుడు మొదలైందో కూడా సరిగ్గా చెప్పలేకపోతున్నారు." అప్పుడు వెంకాయమ్మ స్కానింగు కౌంటరు దగ్గరుంది. విన్నది యలమంద ఒక్కడే. నోరు పోయింది గానీ చెవులకేం, అవి నిక్షేపంగా ఉన్నాయి.

ఆ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేకపోయాడు. రాయబోతే చెయ్యి రాదు, చెప్పబోతే మజ్జిగ. ఈవిడ మాత్రం పాస్టరు గారి ముందూ, బస్టాపులోనూ, నీళ్ల ట్యాంకు దగ్గరా తనే బతికించానని చెప్పుకుంటూ తిరుగుతుంది. అతను పక్కనే ఉంటాడు. చివర్లో అవునా అన్నయ్యా అని అడుగుతుంది. మజ్జిగ అంటాడు. సాక్ష్యం కూడా తనే చెప్పినట్టవుతుంది. ఇంతకంటే నరకం ఇంకోటి ఉంటుందా?

ఈ ఏడు ఇంట్లో కూర్చోలేక తనంతట తనే తోటకి వచ్చేశాడు. తోట కౌలుకి తీసుకున్న శ్రీమన్నారాయణ మొహమాటపడి, లెక్క తెలిసేలా నిండిన ట్రేకి ఒక ఆకు చొప్పున ఇటుక కింద పెట్టమన్నాడు. ఎడంచేత్తో ఆకులు పెడుతూ రిబ్కమ్మనే చూస్తుంటాడు. ఆవిడకీ బీపీ ఉంది. నర్సమ్మ ఇచ్చిన మాత్రలు కొంగుకి ముడేసుకునే తిరుగుతుంది, మింగదు. "తలనొప్పి వచ్చిన రోజు వేసుకుంటే చాలు. ఊరికే మింగితే ఒంటికి అలవాటైపోతాయి" అంటుంది. పోయినేటి దాకా యలమంద కూడా అలాగే అనేవాడు. ఇప్పుడు రోజూ టంచనుగా మింగుతున్నాడు. ఆవిడ కొంగు ముడి పట్టుకుని, మింగమని సైగ చేసి, నోరు తెరిస్తే మజ్జిగ. "అలాగే అన్నయ్యా, తెప్పిస్తాలే" అంటుంది.

ఆరోజు పది గంటలకి రిబ్కమ్మ కోడలు షాలోమి అందరికీ టీ పోసింది. రిబ్కమ్మ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఏంటే ఇది, పంచదార ఇంట్లో మర్చిపోయొచ్చావా?"

"నీకు తగ్గించమన్నారు కదా అత్తయ్యా."

"అన్నవాళ్లకి పొయ్యి. నాకు మామూలు టీ పొయ్యి."

ఇద్దరూ కాసేపు వాదులాడుకున్నారు. మాట స్పష్టంగా ఉంది, మూతి తిన్నగా ఉంది, గ్లాసు కుడిచేతిలో ఉంది. ఇవన్నీ యలమంద ప్రత్యేకించి చూడలేదు. తర్వాత కావాల్సి వచ్చినప్పుడు అన్నీ గుర్తుకొచ్చాయి.

టీ అయ్యాక మొదటి ట్రే. బంగినపల్లి కాయలు. తోడు లేకపోయినా రిబ్కమ్మ ఒక్కతే పిలుచుకుంటూ సర్దుతోంది. యలమంద అలవాటు కొద్దీ లోలోపల జవాబు చెబుతున్నాడు.

"లాభం… రెండు… మూడు… మూడు…"

యలమంద తలెత్తాడు.

"మూడు… లా…"

కాయ ఒకటి ఆమె కుడిచేతిలోంచి జారి ట్రే అంచుకి తగిలి కింద పడింది. బంగినపల్లి కింద పడితే సాయంత్రానికి నల్లబడుతుంది, మర్నాటికి మెత్తబడుతుంది. ముప్పయ్యేళ్లలో రిబ్కమ్మ చేతిలోంచి కాయ జారడం అతను చూడలేదు. ఆమె దాన్ని తీయబోయింది. చెయ్యి కాయ దాకా పోయి పక్కనున్న గడ్డిని పట్టుకుంది. పెదవి కుడి కొస కిందికి జారి ఉంది, అక్కడ్నుంచి సన్నగా చొంగ కారుతోంది.

యలమంద లేచి నిలబడ్డాడు. ఇటుక కింద పెట్టాల్సిన ఆకులన్నీ చెదిరిపోయాయి.

"మజ్జిగ!"

"పోస్తా పెదనాన్నా, కూర్చో" అంది షాలోమి గ్లాసులు కడుగుతూ.

"మజ్జిగ! మజ్జిగ!" కాలీడ్చుకుంటూ వెళ్లి రిబ్కమ్మ భుజం పట్టుకుని కుదిపాడు. ఆమె మొహం అందరివైపూ తిప్పాడు. చెట్టు మీద కాయలు కోస్తున్న వినోద్ చిక్కం దించి తొంగిచూసి, "పిన్ని మూతికి సొన తగిలినట్టుంది, కొబ్బరినూనె రాయండి" అని కేకేశాడు. నడుం పట్టేసిందేమో అంది ఒకావిడ. ఫోను మాట్లాడుతున్న శ్రీమన్నారాయణ నడుచుకుంటూ వచ్చి వంగి చూశాడు.

"ఎండ కొట్టింది. పాపం, పాత అనుభవంతో ఆవిడకి మజ్జిగ పట్టమని గోల పెడుతున్నాడు చూడండి. నీడకి చేర్చండి, పడుకోబెట్టండి."

ఎత్తుకెళ్లి ఆ చెట్టు కిందే పడుకోబెట్టారు. అదే చెట్టు, అదే చోటు. ఎవరో కొంగు తడిపి తలకి చుట్టారు. ఎవరో ఉల్లిపాయ కోసం సద్దిమూట విప్పారు. తను పోయినేడు ఎలా కనపడి ఉంటాడో యలమంద ఇప్పుడు నిలబడి చూస్తున్నాడు. ఏంచేస్తున్నారో వాళ్లకి తెలీదు. పోయినేడు ఆవిడకీ తెలీదు. అతనికొక్కడికే తెలుసు, అతని దగ్గర ఒక్క మాటే ఉంది, ఆ మాట ఆవిడ ప్రాణం మీదికి వచ్చేలా ఉంది.

షాలోమి స్టీలు గ్లాసుతో మజ్జిగ తెచ్చి అత్త తల ఒళ్లో పెట్టుకుంది. మొదటి గుక్కకే రిబ్కమ్మకి పొలమారింది. కళ్లు తేలేసి దగ్గుతుంటే, మెల్లగా తాగు అత్తయ్యా అంటూ గ్లాసు మళ్లీ నోటి దగ్గర పెట్టింది. యలమంద ఎడంచేత్తో ఒక్క వేటు వేశాడు. గ్లాసు ఎగిరి వెళ్లి ట్రేల మధ్య పడింది.

"పిచ్చెక్కిందా నీకు!" శ్రీమన్నారాయణ అరిచాడు. ఇద్దరు మగవాళ్లు యలమంద రెక్క పట్టుకుని వెనక్కి లాగారు. అతను విదిలించుకున్నాడు. ఆమె పక్కన నేల మీద చతికిలబడ్డాడు. నాలుగున్నర గంటల మాట ఎలా చెప్పాలి, ఆసుపత్రి అని ఎలా చెప్పాలి, దేవుడా, ఒక్క మాట ఇవ్వు, ఆ పాడు మజ్జిగ కాకుండా ఇంకో మాట ఒక్కటి.

నోట్లోంచి వచ్చింది. మాట కాదు, పిలుపు.

"లాభం" అన్నాడు.

పాత గొంతుతో, తోట నాలుగు మూలలకీ వినపడేలా, రాగం తీసి. చెట్ల మీదున్నవాళ్లు కూడా కోత ఆపారు. ఏడాదిగా ఆ తోటలో అతని పిలుపు లేదు.

రిబ్కమ్మ కళ్లు అతని వైపు తిరిగాయి. పిలుపు అందింది, ఆ సంగతి ఆ కళ్లలో తెలుస్తోంది. పెదవి ఒక పక్కన కదిలింది.

"బ… బ…"

"లాభం!"

"అ… బ…"

షాలోమి మొహంలో రంగు మారింది. ఆ ఇంట్లో కాపరానికి వచ్చిన ఆరేళ్లలో అత్త నిద్రలో కూడా ఆ లెక్క పలకడం విన్నది ఆ పిల్ల. యలమంద రిబ్కమ్మ రెండు చేతులూ ఒకటి తర్వాత ఒకటి పైకెత్తి వదిలాడు. ఎడమది నిలబడింది. కుడిది తడి గుడ్డలా పక్కన పడింది. తన కుడిచెయ్యి ఎడమచేత్తో ఎత్తి వదిలాడు, అదీ అలాగే పడింది. ఆమె మూతి చూపించి, తన మూతి చూపించాడు. తన గుండె మీద కొట్టుకుని ఆమె గుండె మీద చెయ్యి వేశాడు.

"ఎండ కాదు" అంది షాలోమి. వెంటనే గావుకేక పెట్టింది. "ఎండ కాదండీ! పెదనాన్నకి వచ్చిందే! అత్తయ్యకి పక్షవాతం వచ్చిందండీ!"

శ్రీమన్నారాయణ చెమట తుడుచుకున్నాడు. "కంగారుపడకు. ముందు మన ఊళ్లో డాక్టర్ని పిలిచి ఒక సెలైన్ పెట్టిద్దాం. కాస్త చల్లబడ్డాక సాయంత్రం..."

సాయంత్రం అన్న మాట పూర్తికాకముందే గట్టు మీద నుంచి కారు హారన్ మోగింది. మోగి ఆగలేదు. అందరూ తిరిగి చూశారు. శ్రీమన్నారాయణ కొత్త కారు తలుపు బార్లా తెరిచి ఉంది. ముందు సీట్లో యలమంద అడ్డంగా వాలిపోయి ఎడం అరచెయ్యి హారన్ మీద పెట్టి, ఉన్న బరువంతా దాని మీద వేసి నొక్కుతున్నాడు. కాకులు లేచిపోయాయి. పక్క తోటలోంచి ఏమైందని కేకలు. శ్రీమన్నారాయణ పరిగెత్తుకొచ్చి చెయ్యి లాగితే మళ్లీ పెట్టాడు. మళ్లీ లాగాడు, మళ్లీ పెట్టాడు.

"సరే! సరే బాబూ! పోదాం! తియ్యి ముందు ఆ చెయ్యి!"

రిబ్కమ్మని వెనక సీట్లో షాలోమి ఒళ్లో పక్కకి తిప్పి పడుకోబెట్టారు. యలమందని దిగమన్నారు, దిగలేదు. నువ్వక్కడికొచ్చి ఏంచేస్తావన్నారు. సీటు బెల్టు పట్టుకుని కూర్చున్నాడు.

నున్న మీదుగా బెజవాడ దారి. మామూలు రోజుల్లో గంట పట్టదు. కానీ అది మే నెల, మామిడి మార్కెట్‌కి పోయే ట్రాలీలూ ట్రాక్టర్లూ రోడ్డంతా తమదే అన్నట్టు పోతున్నాయి. ఒకచోట ట్రాక్టరు అడ్డం తిరిగి ఆగిపోయింది. శ్రీమన్నారాయణ హారన్ కొట్టడానికి చెయ్యి ఎత్తేలోపు యలమంద కొట్టేశాడు. కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. వెనక్కి తిరుగుతాడు, ఆమె మొహం చూస్తాడు, ముందుకు తిరుగుతాడు, డాష్‌బోర్డు మీద దరువేస్తాడు. లాభం, రెండు, మూడు అని లోలోపల మొదలుపెట్టి నూరు దాకా పోతాడు, మళ్లీ లాభం. వెనక షాలోమి ఏసయ్యా ఏసయ్యా అంటూ ఆసుపత్రికి ఫోను చేసి వస్తున్నామని చెబుతోంది. అతనికి కోపం మాత్రం తగ్గలేదు. నన్ను ఇలా తీసుకెళ్లారా ఎవరైనా, అనుకున్నాడు. నాకోసం ఎవడైనా హారన్ కొట్టాడా? అలా అనుకుంటూనే ముందు లారీ పక్కకి తప్పుకోలేదని మళ్లీ కొట్టాడు.

క్యాజువాల్టీ గోడ గడియారంలో పదకొండూ ఇరవై అయింది. స్ట్రెచరు మీద ఎక్కించగానే ఒక డాక్టరమ్మ వచ్చి కళ్లలో టార్చి వేసి చూసింది. చెయ్యి ఎత్తించింది. వెంటనే స్కానుకి రాయమని చెప్పి వీళ్లవైపు తిరిగింది.

"ఎన్నింటికి మొదలైంది?"

యలమంద ముందుకు జరిగాడు. పోయినేడు ఎవరూ జవాబు చెప్పలేని ప్రశ్న అదే.

"పొద్దుటి నుంచీ ఏదో డల్‌గానే ఉన్నట్టుందండీ" అన్నాడు శ్రీమన్నారాయణ పెద్దమనిషి తరహాగా. "మా పని ఆరింటికే మొదలవుతుంది."

"ఆరింటికా?" డాక్టరమ్మ గడియారం వైపు చూసింది. "అంటే ఐదు గంటలు దాటింది. అలాగైతే ఇంజెక్షన్ ఇవ్వడానికి లేదు. కచ్చితంగా చెప్పండి, ఆఖరుసారి బాగా ఉండగా ఎవరు చూశారు?"

షాలోమి ఏడుస్తోంది. "తెలీదండీ. పొద్దున్న లేచినప్పుడే తలనొప్పిగా ఉందంది."

"మజ్జిగ!" అన్నాడు యలమంద.

"ఈయనెవరు?"

"ఇలాగే వచ్చి మాట పోయిందండీ ఈయనకి. ఏమీ అనుకోకండి."

యలమంద వెళ్లి గోడ గడియారం కింద నిలబడి చెయ్యి పైకి చాచాడు. త్వరగా చూడమంటున్నాడండీ అన్నాడు శ్రీమన్నారాయణ. యలమంద తల అడ్డంగా ఊపాడు. టీ గ్లాసు పట్టుకున్నట్టు చెయ్యి పెట్టి తాగి చూపించాడు. దాహంగా ఉందేమో, బయట నీళ్లున్నాయి అంది నర్సు. స్ట్రెచరు కదులుతోంది. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాయబోతోంది. ఆరు అనే రాస్తుంది. ఆరు అని రాస్తే అయిపోయినట్టే.

అతను ఆమె దారికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"లాభం" అన్నాడు. "రెండు. మూడు. నాలుగు."

"తప్పుకోండి బాబాయ్."

"ఐదు. ఆరు." ఆరు దగ్గర చెయ్యి గట్టిగా అడ్డంగా ఊపాడు. కాదు, కాదు, ఇంకా ఉంది. లెక్క దానంతటది పరిగెడుతోంది. ఎక్కాడంటే ఆగడం చేతకాదని అతనికి తెలుసు. "ఎనిమిది. తొమ్మిది." మధ్యలో ఒకటి ఎగిరిపోయింది, పోతే పోనీ. "పది" అని, తర్వాతది వచ్చేలోపు ఎడం అరచెయ్యి నోటి మీద వేసి అదిమేశాడు. పదకొండు లోపల్నుంచి తన్నుకొస్తోంది. చెంపలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి తియ్యలేదు. కళ్లతోనే గడియారం వైపు చూపించాడు.

"లాభం ఏంటి?" అంది డాక్టరమ్మ.

"ఒకటండీ. మా తోటల్లో ఒకటి అనరు." శ్రీమన్నారాయణ గొంతు మెల్లగా మారింది. "పది అంటున్నాడండీ. పదింటికి అంటున్నాడు."

షాలోమి ఏడుపు ఆపింది. "పదింటికి నేను టీ ఇచ్చానండీ! పంచదార తక్కువేశానని నన్ను తిట్టింది. బాగానే తిట్టింది! మాట శుభ్రంగా ఉంది, గ్లాసు ఈ చేత్తోనే పట్టుకుంది. అవునా పెదనాన్నా?"

యలమంద చెయ్యి నోటి మీద ఉంచుకునే తల ఊపాడు. తలొక్కటీ చాలలేదు, నడుము దాకా ఊగాడు.

"పదింటికి బాగా ఉంది" అని డాక్టరమ్మ రాసుకుంది. స్ట్రెచరు స్కాను గదిలోకి పోయింది. రక్తస్రావం లేదు, గడ్డే అన్నారు. పన్నెండు కొట్టకముందే ఇంజెక్షన్ ఎక్కింది. అప్పటిదాకా యలమంద వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి కాలీడుస్తూ తిరుగుతూనే ఉన్నాడు. కూర్చోమన్న ప్రతివాళ్లనీ మజ్జిగ అని కసిరాడు.

మూడోరోజుకి రిబ్కమ్మ మాట్లాడుతోందని కబురొచ్చింది. ఐదోరోజుకి నడుస్తోందట. వెంకాయమ్మ వచ్చి చెప్పినప్పుడల్లా యలమంద సంతోషించాడు, ఆ వెంటనే గోడవైపు తిరిగి పడుకున్నాడు. సంతోషం అబద్ధం కాదు. కడుపులో మంట కూడా అబద్ధం కాదు. రెండు గంటల్లోపే ఇంజెక్షన్ అందిన ఆవిడకి మాట వచ్చింది, చెయ్యి వచ్చింది. పొద్దుగూకేదాకా చెట్టు కింద పడున్నవాడికి ఏడాదైనా రాలేదు. అది ఎవరి పాపమో ఊళ్లో అందరికీ చెప్పాలని ఉంది, ఆ పాపం చేసిన మనిషి బతికినందుకు దణ్ణం పెట్టుకోవాలనీ ఉంది. పక్క మీద అటూ ఇటూ పొర్లి మంచం నులక వదులు చేశాడు.

తొమ్మిదోరోజు పొద్దున్నే రిబ్కమ్మ వచ్చింది. షాలోమి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అరుగు దగ్గర వదిలి వెళ్లింది. చిక్కిపోయింది. మాట కాస్త నెమ్మదించింది గానీ మాటే. వచ్చి అతనికి ఎదురుగా కూర్చుంది.

"మాత్ర వేసుకునే వచ్చాను" అంది. "ఇక రోజూ వేసుకుంటాను."

యలమంద ఆమె కొంగు ముడి వైపు చూశాడు.

"డాక్టరమ్మ చెప్పింది అన్నయ్యా. ఇంటికి పంపేటప్పుడు కూచోబెట్టి అన్నీ చెప్పింది. మూతి వంకరపోతే సొన అనుకోవద్దంది. చెట్టు కింద పడుకోబెట్టొద్దంది. నోట్లో ఏమీ పొయ్యొద్దంది, ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తారంది. ఎంత తొందరగా తెస్తే అంత మిగులుతారంది." ఆమె వేళ్లు మడిచి చూపించింది. "అన్నీ నేను చేసినవే. ఒక్కోటి ఆవిడ చెబుతుంటే, ఇది నేను చేశాను, ఇదీ నేను చేశాను అని లెక్కపెట్టుకున్నాను. నీకు తెలుసు కదూ?"

అతను తలూపాడు.

"ఏడాదంతా తెలుసు. నేను ఊరంతా గొప్పలు చెప్పుకుంటుంటే పక్కనే కూచుని విన్నావు. అవునా అన్నయ్యా అని నిన్నే అడిగాను."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. యలమంద ఈ ఘడియ కోసమే ఏడాదిగా ఎదురుచూశాడు. అనాల్సిన మాటలన్నీ పేర్చి పెట్టుకున్నాడు. నన్ను చంపావన్నది మొదటిది. ఇప్పుడు వాటిని వెతుక్కుంటే ఏ ఒక్కటీ నోటి దాకా తెచ్చుకోవాలనిపించలేదు. పొద్దున్నే ఎండ మండిపోతోంది. గొంతు ఎండిపోయింది.

"మజ్జిగ" అన్నాడు.

రిబ్కమ్మ దెబ్బ తిన్నట్టు చూసింది. అతను గొంతు పట్టుకుని చూపించాడు. నిజంగానే దాహం. ఏడాదిలో మొదటిసారి అతను అన్నదీ అతనికి కావాల్సిందీ ఒకటే అయ్యాయి. అది అర్థమయ్యాక ఆమె లేచి లోపలికి వెళ్లింది. వెంకాయమ్మ చేతిలోంచి గ్లాసు తనే తీసుకుని బయటికొచ్చింది. కుడిచేత్తో పట్టుకుంది. యలమంద గ్లాసు చూడలేదు, ఆ వేళ్లు చూశాడు. చుక్క తొణకలేదు.

అందరూ అందించినట్టే ఆమె కూడా అతని ఎడంచేతి వైపు చాచింది. అతను ఎడంచెయ్యి తియ్యలేదు. ఒళ్లో పడి ఉన్న కుడిచేతి వంక చూసి, మళ్లీ ఆమె వంక చూశాడు.

ఆమె కింద కూర్చుని ఆ చేతిని ఎత్తి గ్లాసు చుట్టూ పెట్టింది. బొటనవేలు తీసుకుని గ్లాసుకి ఆనించింది.

"లాభం" అంది.

"లాభం" అన్నాడు యలమంద.

చూపుడువేలు. "రెండు."

"రెండు."

ఐదు దాకా వచ్చేసరికి సగం మజ్జిగ అతని పంచె మీద ఒలికింది. మిగిలిన సగం తాగాడు.